తొప్పి ఎక్కడ పోయింది?

షామీర్‌పేటలో మా పెదనాన్న ఇంట్లో ఆరు నెలల పాటు నడిచిన గొడవని ఒక్క ప్రశ్నలో చెప్పొచ్చు. పెదనాన్నకి చెవులు తగ్గాయా, లేక కొత్త రికార్డ్ ప్లేయరే తేడాగా వాయిస్తోందా?

ఇంట్లో ఓట్లు వేస్తే మూడు ఒకవైపు, ఒకటి ఒకవైపు. అన్న, వదిన, పెద్దమ్మ ముగ్గురిదీ ఒకటే మాట: ‘డెబ్బై నాలుగేళ్లు వచ్చాయి, చెవులు అలాగే ఉంటాయా?’ పెదనాన్న మాత్రం ఒప్పుకోలేదు. ‘నాకు ఇనవడ్తలేదా, అండ్లనే లేదా? అది చెప్పుర్రి ముందు’ అనేవాడు. ఎవరూ చెప్పలేదు. ఆయన మెల్లగా రికార్డులు పెట్టడమే మానేశాడు.

నేను మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. అందుకే ఫోన్ నాకు వచ్చింది. ‘ఓసారి వచ్చి చూసి, అంతా బాగానే ఉందని మీ పెదనాన్నకి చెప్పిపో’ అని వదిన పిలిచింది. చూడటానికి వెళ్లాను. బాగానే ఉందని చెప్పడానికి కాదు.

అసలు ఏం మారింది?

పెదనాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యాడు. ఊరి భజన మండలిలో ఢోలక్ వాయించేవాడు. ఆయన దగ్గర ఓ నలభై ఎల్‌పీ రికార్డులు ఉన్నాయి. ఘంటసాల భగవద్గీత, చిట్టిబాబు వీణ, కొన్ని సినిమా పాటలు. అన్నిటికంటే ఎక్కువ అరిగింది ‘శంకరాభరణం’. 1980లో సినిమా వచ్చిన ఏడాదే కొన్నది. అంటే నలభై ఏళ్లకి పైగా అదే రికార్డు, అవే పాటలు, అదే మృదంగం.

పాత టర్న్‌టేబుల్ మోటార్ పాడైతే అన్న కొత్తది కొన్నాడు. ఆఫీసు పనిమీద జపాన్ వెళ్లినప్పుడు దానికోసం ప్రత్యేకంగా ఒక కార్ట్రిడ్జ్ తెచ్చాడు: డెనాన్ డీఎల్-103. రికార్డు మీద సూది ఉండే చిన్న డబ్బాని కార్ట్రిడ్జ్ అంటారు. ఇది మామూలుది కాదు. 1960ల మొదట్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే స్టూడియోల కోసం తయారైన డిజైన్. ఇప్పటికీ తయారవుతూనే ఉంది. కొడుకు తండ్రికి ఇచ్చిన మంచి కానుక.

ఈ రకం కార్ట్రిడ్జ్‌కి మధ్యలో ఇంకో చిన్న పెట్టె కావాలని అన్నకి ఎవరో చెప్పారు. సిటీలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఒకటి తీసుకున్నాడు. దాని పేరు స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్. అమ్మినాయన చెప్పిన మాట అన్నకి ఇంకా గుర్తుంది: ‘ఇది హై రేషియో సర్, ఎంత ఎక్కువ రేషియో ఉంటే అంత పవర్.’

యాంప్లిఫయర్ పాతదే. స్పీకర్లు పాతవే. అవి ఉన్న గది, మూల, అన్నీ పాతవే. మారింది మూడే: టర్న్‌టేబుల్, కార్ట్రిడ్జ్, ఆ చిన్న పెట్టె.

పెదనాన్న ఫిర్యాదు కూడా చాలా స్పష్టంగా ఉంది. ‘పాట మంచిగనే ఇనవడ్తుంది. బాలు గొంతు మంచిగనే ఉంది. మృదంగం వాయిస్తుండు గని, తొప్పి ఇనవడ్తలేదురా. కుడిచెయ్యి ఒక్కటే ఆడుతున్నట్టుంది.’

మృదంగానికి రెండు ముఖాలు. కుడివైపు టంగుమని మోగేది. ఎడమవైపుది తొప్పి. కచేరీకి ముందు దాని మీద రవ్వముద్ద అద్దుతారు, చర్మం బరువెక్కి గుమ్మని కింది స్థాయిలో మోగడానికి. అంటే ఆయన పోయిందంటున్నది కింది స్థాయి శబ్దం, మనం బేస్ అనుకునేది.

చెవుల పరీక్ష చెప్పిన మాట

నేను వెళ్లేసరికే పెదనాన్నకి చెవుల పరీక్ష అయిపోయింది. ఆ కాగితం వదిన ఫైల్లో జాగ్రత్తగా పెట్టింది. హియరింగ్ ఎయిడ్ కొనాలన్నది దాని ఆధారంగానే. అడిగి తీసుకుని చూశాను.

ఆ పరీక్షలో సాధారణంగా 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా రకరకాల స్థాయిల్లో బీప్‌లు వినిపించి, ఎంత మెల్లగా ఉన్నా వినగలరో గీత గీస్తారు. పెదనాన్న గీత 250, 500, 1000 దగ్గర దాదాపు తిన్నగా ఉంది. 2000 దాటాక కిందికి జారింది. 4000 తర్వాత బాగా పడిపోయింది.

ఇది వయసుతో వచ్చే మామూలు తగ్గుదలే. వయసు చెవిని తినేటప్పుడు పైనుంచి మొదలుపెడుతుంది. ముందు పోయేవి తాళాల గలగల, పక్షుల కిచకిచ, మాటల్లో ‘స’, ‘శ’, ‘త’ లాంటి పదునైన అక్షరాలు. మృదంగం తొప్పి కింద ఉంటుంది, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల. అది అంత త్వరగా పోదు.

అంటే ఆ కాగితం ఇంట్లో వాళ్లు అనుకున్నదానికి సాక్ష్యం కాదు, ఉల్టా సాక్ష్యం. పెదనాన్నకి వయసు వల్ల తగ్గింది పైన. ఆయన పోయిందంటున్నది కింద. రెండూ ఒకటి కావు. కాబట్టి ఆ పెట్టెని విప్పి చూడక తప్పలేదు.

0.3 మిల్లీవోల్టుల గొంతు

ముందు ఆ పెట్టె ఎందుకో చెప్పాలి.

రికార్డు గాడిలో సూది కదులుతుంది. డీఎల్-103 లాంటి మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లో ఆ సూది వెనక వెంట్రుక లాంటి సన్నటి తీగతో చుట్టిన చిన్న కాయిల్ ఉంటుంది. సూదితో పాటు అయస్కాంతం మధ్య ఆ కాయిల్ ఊగుతుంది, కరెంటు పుడుతుంది. మామూలు మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లో దీనికి తలకిందులు: కాయిల్ కదలదు, చిన్న అయస్కాంతం కదులుతుంది. కాయిల్ కదలనవసరం లేదు కాబట్టి దానికి ఎన్ని చుట్లైనా చుట్టొచ్చు, ఎక్కువ వోల్టేజీ వస్తుంది. కదిలే కాయిల్‌కి ఆ వీలు లేదు. బరువు పెరిగితే సూది గాడిని సరిగ్గా అనుసరించలేదు. అందుకే చుట్లు తక్కువ, వోల్టేజీ తక్కువ.

ఎంత తక్కువ? డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే ఒక్క పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు. అంటే ఆ సెల్‌లో 5000వ వంతు. యాంప్లిఫయర్‌లో ఫోనో అని ఉండే ఇన్‌పుట్ మాత్రం మామూలు కార్ట్రిడ్జ్‌కి తగ్గట్టు సుమారు 2.5 నుంచి 5 మిల్లీవోల్టులు ఆశిస్తుంది. మధ్యలో సుమారు 8 నుంచి 17 రెట్ల తేడా ఉంది. దాన్ని పూడ్చేదే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్.

ఇందులో బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు, ట్రాన్సిస్టర్ లేదు. ఒక ఇనుప మిశ్రమం కోర్ మీద రెండు చుట్లు, అంతే. ఒకవైపు 100 చుట్లు, ఇంకోవైపు 2000 చుట్లు ఉంటే వోల్టేజీ 20 రెట్లు. దాన్నే 1:20 రేషియో అంటారు. 1831లో మైకేల్ ఫారడే ఇనుప రింగు మీద రెండు తీగలు చుట్టి చూసింది సరిగ్గా ఇదే. అదే ఏడాది అయస్కాంతం దగ్గర తీగ కదిలితే కరెంటు పుడుతుందని కూడా చూపించాడు. కార్ట్రిడ్జ్, ట్రాన్స్‌ఫార్మర్ రెండూ ఆ ఒక్క ఏడాది పనే.

అయితే 1:60 ఉంటే 60 రెట్లు రావాలి కదా? అమ్మినాయన చెప్పింది నిజమే కదా? ఇక్కడే కథ తిరుగుతుంది.

ఫోన్‌తో రేషియో కొలిచాం

ఆ పెట్టె మీద రేషియో రాసి లేదు. కనుక్కోవడం కష్టం కాదు, ఫోన్ చాలు. టోన్ జనరేటర్ యాప్‌లో 200 హెర్ట్జ్ పెట్టాను. హెడ్‌ఫోన్ వైరు ద్వారా ఆ శబ్దాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువ చుట్లు ఉన్న వైపు, అంటే అవుట్‌పుట్ వైపు ఇచ్చాను. అటు 300 మిల్లీవోల్టులు వచ్చేలా వాల్యూమ్ సర్ది, ఇన్‌పుట్ వైపు ఏసీ రేంజ్‌లో మల్టీమీటర్ పెట్టి చూస్తే 5 మిల్లీవోల్టులు. 300ని 5తో భాగిస్తే 60.

ఇలా చేసేవాళ్లకి ఒక జాగ్రత్త. మల్టీమీటర్‌ని ఓమ్స్ రేంజ్‌లో పెట్టి కార్ట్రిడ్జ్‌ని గానీ, ఈ ట్రాన్స్‌ఫార్మర్‌ని గానీ నేరుగా కొలవొద్దు. మీటర్ పంపే డీసీ కరెంటుకి ఆ సన్నటి కాయిల్ దెబ్బతినొచ్చు, కోర్‌లో అయస్కాంతత్వం మిగిలిపోవచ్చు.

1:60 అని తేలాక లెక్క నోట్‌బుక్‌లో వేశాను. పక్కన కూర్చున్న పెదనాన్నకి వివరించాలి. ఆయనకి ఓమ్ సూత్రం నాకంటే ముందు తెలుసు. పుస్తకంలో కాదు, స్తంభం మీద.

టెయిల్ ఎండ్ మోటార్

అప్పట్లో మేడ్చల్, షామీర్‌పేట చుట్టూ ద్రాక్ష తోటలు ఉండేవి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకి హైదరాబాద్ చుట్టుపక్కల పెద్ద పేరు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు, విల్లాలు, ప్లాట్ల బోర్డులు. అప్పుడు తోటకో బోరు, బోరుకో మోటార్. 11,000 వోల్టుల లైన్ వచ్చి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 433 వోల్టులుగా దిగుతుంది. అక్కడినుంచి సన్నటి తీగలు పొలాల వెంట పోతాయి.

మొదటి మోటార్‌కి వోల్టేజీ బాగానే ఉంటుంది. లైన్ చివర ఉన్న రైతు మాత్రం ఎప్పుడూ ఏడుపే. అందరూ మోటార్లు వేశారంటే చివరి మోటార్ మూలుగుతుంది, వేడెక్కుతుంది, కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిస్తే వోల్టేజీ ఉంది. పొలం దగ్గర లేదు. మరి ఎక్కడ పోయింది? మధ్యలో తీగలోనే. తీగకి తనదైన రెసిస్టెన్స్ ఉంటుంది. ఎంత ఎక్కువ కరెంటు లాగితే అంత వోల్టేజీ ఆ తీగలోనే కరిగిపోతుంది.

కార్ట్రిడ్జ్ కూడా అలాంటి సన్న లైనే. డీఎల్-103 లోపలి తీగ రెసిస్టెన్స్ 40 ఓమ్‌లు. బయట దాని మీద పడే లోడ్ ఎంత అన్నదే ప్రశ్న. యాంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్ 47,000 ఓమ్‌లు. అది చాలా తేలికైన లోడ్, కరెంటు దాదాపు లాగదు. కానీ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే కార్ట్రిడ్జ్‌కి కనిపించేది 47,000 కాదు.

ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ శక్తిని పుట్టించదు. వోల్టేజీ 60 రెట్లు పెంచితే, అటు తీసుకునే కరెంటుకి ఇటు 60 రెట్లు లాగుతుంది. వోల్టేజీ ఇటు 60 రెట్లు తక్కువ, కరెంటు 60 రెట్లు ఎక్కువ. రెండూ కలిపితే లోడ్ 60 ఇంటూ 60, అంటే 3600 రెట్లు బరువవుతుంది. 47,000ని 3600తో భాగిస్తే 13 ఓమ్‌లు.

పెదనాన్న కళ్లద్దాలు తీసి నోట్‌బుక్ దగ్గరికి జరిపాడు. ‘అంటే లైన్ నలభై, మోటర్ పదమూడా?’ అన్నాడు. కాసేపు ఆగి, ‘గిది టెయిల్ ఎండ్ మోటర్ లెక్కనే ఉన్నది కదరా’ అన్నాడు.

అదే. లోపల 40, బయట 13. మొత్తం 53లో బయటికి దక్కేది 13 వాటా, అంటే పావు వంతు. ముప్పావు వంతు కార్ట్రిడ్జ్ లోపలే ఖర్చయిపోతోంది.

‘రైతులు వచ్చి ట్యాప్ పెంచమని కొట్లాడేటోళ్లు. ట్యాప్ పెంచితే లైన్ లావైతదా?’ అని ఆయనే నవ్వాడు. తన సర్వీసులో వందసార్లు చెప్పిన మాట. రేషియో ఎక్కువైతే పవర్ ఎక్కువ అన్న అమ్మకపు మాటకి ఇంతకంటే మంచి జవాబు నాకు తోచలేదు.

60 కూడా 20 కూడా ఒకటే!

ఇప్పుడు మూడు రేషియోలతో అదే కార్ట్రిడ్జ్‌ని పోల్చి చూద్దాం.

1:10 పెడితే కార్ట్రిడ్జ్‌కి కనిపించే లోడ్ 470 ఓమ్‌లు. లోపల పోయేది కొంచెమే. బయటికి వచ్చేది సుమారు 2.8 మిల్లీవోల్టులు.

1:20 పెడితే లోడ్ 117 ఓమ్‌లు. పావు వంతు లోపల పోతుంది, మూడు వంతులు దక్కుతుంది. వచ్చేది సుమారు 4.5 మిల్లీవోల్టులు.

1:60 పెడితే లోడ్ 13 ఓమ్‌లు. 0.3ని 60తో గుణిస్తే 18 రావాలి. పావు వంతే దక్కుతుంది కాబట్టి వచ్చేది సుమారు 4.4 మిల్లీవోల్టులు.

మళ్లీ చూడండి. 20కి 4.5, 60కి 4.4. మూడింతల రేషియో పెట్టినా శబ్దం ఒక్క పిసరు కూడా పెరగలేదు. ఈ కార్ట్రిడ్జ్‌కి గరిష్ఠ వోల్టేజీ 1:34 దగ్గర వస్తుంది, అక్కడ లోపలి 40, బయటి 40 సమానమవుతాయి. అప్పుడైనా 5.1 మిల్లీవోల్టులే. అక్కడి నుంచి రేషియో పెంచేకొద్దీ తగ్గుతుంది.

మరి 1:60 ట్రాన్స్‌ఫార్మర్ ఎవరికోసం తయారవుతుంది? 2, 3 ఓమ్‌ల కార్ట్రిడ్జ్‌ల కోసం. డెన్మార్క్ కంపెనీ ఆర్టోఫోన్ 1959లో తెచ్చిన ఎస్‌పీయూ అలాంటిదే. లోపల 2 ఓమ్‌లు, బయట 13 ఉంటే ఇబ్బందే లేదు. అంటే అన్న కొన్న పెట్టె చెడ్డది కాదు. బహుశా మంచిదే. కానీ అది వేరే కార్ట్రిడ్జ్‌కి జోడీ.

మరి తొప్పి ఏమైంది?

వోల్టేజీ లెక్క తేలింది కానీ, 4.4 మిల్లీవోల్టులు వస్తుంటే పాట బాగానే వినపడాలి. వినపడుతోంది కూడా. ఒక్క తొప్పి మాత్రమే ఎందుకు తగ్గింది?

ట్రాన్స్‌ఫార్మర్ అన్ని స్థాయిలనీ ఒకేలా దాటించదు. శబ్దం కిందికి దిగేకొద్దీ దాని మొదటి చుట్టు దాదాపు షార్ట్ అయిన తీగలా ప్రవర్తిస్తుంది. కింది స్థాయి సంకేతం అవతలికి దాటకుండా ఆ చుట్టులోనే తిరిగి వచ్చేస్తుంది. దీన్ని ఆపడానికి మొదటివైపు ఎక్కువ చుట్లు వేయాలి. కానీ హై రేషియో ట్రాన్స్‌ఫార్మర్‌లో మొదటివైపు చుట్లు తక్కువగానే వేస్తారు. 2, 3 ఓమ్‌ల కార్ట్రిడ్జ్‌కి అది చాలు, ఎందుకంటే దాని లైన్ లావుగా ఉంది, ఆ లోడ్‌ని తట్టుకుంటుంది. 40 ఓమ్‌ల కార్ట్రిడ్జ్ తట్టుకోలేదు. కింది స్థాయి దగ్గర చతికిలపడుతుంది.

ఇది మాటల్లో కాకుండా చూడాలని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి రెసిస్టర్లు తెచ్చాను. కార్ట్రిడ్జ్ బదులు 39 ఓమ్‌ల రెసిస్టర్ (షాపులో 40 అని అడిగితే దొరకదు, 39 దొరుకుతుంది), యాంప్లిఫయర్ బదులు 47,000 ఓమ్‌లది. ఫోన్ టోన్‌ని బాగా తగ్గించి పంపాను. 200 హెర్ట్జ్ దగ్గర అవుట్‌పుట్ 100 వచ్చేలా సర్దితే, 50 హెర్ట్జ్ దగ్గర అది 80కి పడింది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే రెండు. అదే పెట్టెకి 39 తీసేసి 3 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గర 98 వచ్చింది.

పెట్టె అదే, టోన్ అదే. మారింది ముందున్న రెసిస్టర్ ఒక్కటే.

రెండు డెసిబెల్స్ పెద్ద తేడా కాదని మీరు అనొచ్చు. కొత్త పాట వింటుంటే నేనూ పట్టుకోలేను. కానీ నలభై ఏళ్లుగా ఒకే రికార్డు, అవే స్పీకర్ల మీద వింటున్న మనిషికి? అది కనుక్కోవడం ఒక్కటే మిగిలింది.

నాణెంతో పరీక్ష

ఈసీఐఎల్ దగ్గర ఉండే ఒక ఫ్రెండ్‌ని అడిగి 1:20 ట్రాన్స్‌ఫార్మర్ రెండ్రోజులకి తెచ్చాను. ఇక్కడ ఆ విచిత్రమైన లెక్క మాకు కలిసొచ్చింది. 20, 60 రెండూ దాదాపు ఒకే వోల్టేజీ ఇస్తాయి కదా. అంటే రెండూ ఒకే సౌండుతో మోగుతాయి. ఆడియో పోలికల్లో పెద్ద మోసం ఇక్కడే జరుగుతుంది, కొంచెం గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు.

టర్న్‌టేబుల్ ముందు దుప్పటి అడ్డం కట్టాం. అన్న అటువైపు కూర్చుని నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే 1:60, బొరుసు పడితే 1:20. ప్రతిసారీ, మార్చినా మార్చకపోయినా, వైర్లు పీకి మళ్లీ పెడతాడు. ‘శంకరాభరణం’లో ఒకే పాట, ఒకే చోటు, ఓ నిమిషం. తొప్పి ఉందో లేదో పెదనాన్న చెప్పాలి. నేను కాగితం మీద రాసుకుంటాను. ఏది నడుస్తోందో నాకూ తెలియదు.

పదిసార్లు చేశాం. పెదనాన్న తొమ్మిది సరిగ్గా చెప్పాడు. ఊరికే ఊహించి పదిలో తొమ్మిది గానీ, పదికి పది గానీ సరిగ్గా చెప్పే అవకాశం సుమారు 1 శాతం.

తర్వాత వదిన కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్లు, చెవులు పదును. పదిలో ఐదు. అంటే నాణెం చెప్పినంతే. ‘నాకు రెండూ ఒకటే’ అని నవ్వేసింది. తర్వాత మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు.

చెవి పదునుగా ఉండటం వేరు, ఆ శబ్దం తెలిసి ఉండటం వేరు. వదిన చెవి పెదనాన్న కంటే ఎక్కువ వింటుంది. పెదనాన్నకి ఏం వినాలో తెలుసు.

మీరు కొనేటప్పుడు

ఈమధ్య రికార్డులు కొంటున్న కుర్రాళ్లు పెరిగారు. మా ఫ్యాక్టరీలోనే ఇద్దరున్నారు. మూవింగ్ కాయిల్ దాకా వెళ్లాలనుకుంటే ఈ నాలుగు గుర్తుంచుకోండి.

ఒకటి: కార్ట్రిడ్జ్ కాగితంలో రెండు అంకెలు చూడండి. అవుట్‌పుట్ ఎన్ని మిల్లీవోల్టులు, లోపలి ఇంపిడెన్స్ ఎన్ని ఓమ్‌లు. ఈ రెండూ తెలియకుండా ట్రాన్స్‌ఫార్మర్ కొనొద్దు.

రెండు: రేషియోని రేషియోతో గుణించి, దాంతో 47,000ని భాగించండి. వచ్చిన అంకె కార్ట్రిడ్జ్ ఓమ్‌లకి కనీసం రెండు మూడు రెట్లు ఉండాలి, పది రెట్లు ఉంటే ఇంకా హాయి. డీఎల్-103కి 1:10 అయితే దాదాపు 12 రెట్లు, 1:20 అయితే 3 రెట్లు. ఈ రెండింటి మధ్య మీ యాంప్లిఫయర్‌కి ఎంత వోల్టేజీ కావాలో చూసి ఎంచుకోండి.

మూడు: ట్రాన్స్‌ఫార్మర్ మీద 3 ఓమ్‌లు, 40 ఓమ్‌లు అని స్విచ్చో లేబులో ఉంటే, అది ట్రాన్స్‌ఫార్మర్ సొంత రెసిస్టెన్స్ కాదు. అన్ని ఓమ్‌ల కార్ట్రిడ్జ్‌కి అది పనికొస్తుందని అర్థం.

నాలుగు: ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే వైరుని ఫోనో ఇన్‌పుట్‌లో మూవింగ్ మ్యాగ్నెట్ వైపే పెట్టాలి. వైరు పొట్టిగా ఉండాలి. పెట్టెని యాంప్లిఫయర్‌కి, అడాప్టర్లకి దూరంగా పెట్టండి, లేకపోతే 50 హెర్ట్జ్ కరెంటు హమ్ అంతా అందులో దూరుతుంది. హమ్ వస్తుంటే పెట్టెని కొంచెం పక్కకి తిప్పి చూడండి, చాలాసార్లు తగ్గిపోతుంది.

యాంప్లిఫయర్‌లోనే మూవింగ్ కాయిల్ సెట్టింగ్ ఉంటే ఈ పెట్టె అసలు అక్కర్లేదు. ముందు అది చూసుకోండి, డబ్బు మిగులుతుంది.

రెండూ నిజమే

అన్న ఆ 1:60 పెట్టెని, తక్కువ ఓమ్‌ల కార్ట్రిడ్జ్ వాడే ఒకతనికి అమ్మేసి 1:10, 1:20 రెండూ ఉన్నది తీసుకున్నాడు. పెదనాన్న 1:20 మీదే వింటున్నాడు.

హియరింగ్ ఎయిడ్ కూడా కొన్నారు. ఆ కాగితంలో 4000 హెర్ట్జ్ దగ్గర పడిపోయిన గీత అబద్ధం కాదు కదా. మనవరాలు గబగబా మాట్లాడితే ఆయనకి సగం అక్షరాలు అందవు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అప్పటిదాకా ఒప్పుకోకపోవడానికి కారణం ఒక్కటే: చెవులు తగ్గాయని ఒప్పుకుంటే, తొప్పి విషయంలో తను చెప్పింది కూడా తప్పని తేల్చేస్తారు. రెండిటినీ విడదీసి చూపించాక, తనే వదినతో ‘ఎప్పుడు పోదాం డాక్టర్ దగ్గరికి?’ అని అడిగాడు.

మన ఇళ్లలో పెద్దవాళ్లు ఫోన్ సౌండ్ బాలేదంటారు, టీవీలో మాటలు తెలియట్లేదంటారు, కూర రుచి మారిందంటారు. మనం వెంటనే వాళ్ల వయసుని చూపిస్తాం. అది కరెక్టే కావచ్చు. కానీ అలా అనే ముందు ఒక్క ప్రశ్న అడగడానికి ఖర్చేం లేదు: ‘సరిగ్గా ఏది తేడాగా ఉంది?’ జవాబు పెదనాన్న చెప్పినంత కచ్చితంగా వస్తే, లోపం ఎక్కడుందో వెతకాల్సింది మనమే.